మాల్స్‌కి ఆద్యుడు విక్టర్ గ్రూయెన్, చివరికి వాటినే ఎందుకు కాదన్నాడు?

బ్యాక్‌బెంచ్ బీఆర్క్ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది. వచ్చే గురువారం సెమినార్ ఉంది. టాపిక్ చీటీ తీస్తే నాకు "తొలి షాపింగ్ సెంటర్ల ఆర్కిటెక్టులు" అని వచ్చింది. నేను విక్టర్ గ్రూయెన్‌ని పట్టుకున్నాను. ఇప్పటిదాకా పోగు చేసింది ఇదీ.

1903లో వియన్నాలో పుట్టాడు. అసలు ఇంటిపేరు గ్రూన్‌బౌమ్, అంటే పచ్చని చెట్టు. యూదు కుటుంబం. అక్కడి అకాడమీలో పేరున్న ఆర్కిటెక్ట్ పీటర్ బెహ్రెన్స్ దగ్గర చదివాడు. పగలు ఆర్కిటెక్ట్ పని, రాత్రి రాజకీయ వ్యంగ్య నాటికలు. 1938లో నాజీలు ఆస్ట్రియాని కలిపేసుకోగానే దేశం వదిలి న్యూయార్క్ చేరాడు. చేతిలో డిగ్రీ, 8 డాలర్లు. ఇంగ్లీషు రాదు. పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి, 1956 అక్టోబర్ 8న, మిన్నియాపొలిస్ పక్కన ఎడైనాలో ఆయన గీసిన సౌత్‌డేల్ సెంటర్ తెరిచారు. 72 కొట్లు, 2 కోట్ల డాలర్ల ఖర్చు, మొత్తం ఒకే కప్పు కింద. 1978లో లండన్‌లో మాట్లాడుతూ ఇప్పటి మాల్స్ నా పిల్లలు కావు, ఆ అక్రమ సంతానానికి భరణం కట్టేది లేదు పొమ్మన్నాడు. 1980లో వియన్నాలోనే పోయాడు.

నా చిక్కేంటంటే, ఈ కథ మరీ సినిమాలా ఉంది. మంచి మనసుతో మాల్ గీశాడు, వ్యాపారులు చెడగొట్టారు, ఆయన బాధపడి ఇంటికెళ్లిపోయాడు. ఇంత సాఫీగా ఉంటే మా గైడ్ సార్‌కి అనుమానం వస్తుంది. ఆయనకి అనుమానం వస్తే నాకు టెన్షన్. సౌత్‌డేల్ చూసినవాళ్లు, మాల్స్‌లో పనిచేసినవాళ్లు, కొట్టు పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

రామచిలక | శనివారం రాత్రి 9:30

నీ చీటీ ఇంకా నయం తమ్ముడూ. నా సెమినార్‌కి "మురుగు కాలవల వాలు" వచ్చింది. ఇప్పటికీ కలలో వస్తుంది.

పాత సున్నం | శనివారం రాత్రి 10:47

బాబూ, నలభై ఏళ్లు డ్రాయింగ్ బోర్డు ముందు గడిపినవాణ్ణి, ఒక సలహా. సౌత్‌డేల్‌తో మొదలుపెట్టకు. తోలు సంచుల కొట్టుతో మొదలుపెట్టు.

1939. న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో లెడరర్ అని హ్యాండ్‌బ్యాగుల షాపు. మోరిస్ కెచమ్ అనే ఆర్కిటెక్టుతో కలిసి గ్రూయెన్ చేశాడు. చిన్న కొట్టు. వీధిలో తక్కినవాళ్లంతా అద్దాన్ని సరిగ్గా ఫుట్‌పాత్ అంచున నిలబెట్టారు. ఒక్క గజం కూడా వదులుకోరు, అద్దె అలాంటిది. వీళ్లు తలుపుని లోపలికి నెట్టేసి ముందు చిన్న వసారా వదిలారు. దాంట్లో అద్దాల పెట్టెలు, ఒక్కో దాంట్లో నాలుగైదు బ్యాగులు, మంచి లైటు. ఫుట్‌పాత్ మీద పోయేవాడు ఒక బ్యాగు చూద్దామని ఒక్క అడుగు పక్కకి వేస్తాడు. అవతల ఇంకో పెట్టె, ఇంకో అడుగు. తలెత్తేసరికి ఎదురుగా తలుపు. కొట్లోకి వెళ్దామని వాడు ఏ క్షణంలోనూ అనుకోలేదు, కానీ గుమ్మం ముందు ఉన్నాడు.

ఆ రోజుల్లోనే లూయిస్ మమ్‌ఫర్డ్ అనే ఆర్కిటెక్చర్ విమర్శకుడు దీన్ని పురుగుల్ని పట్టి తినే మొక్కతో పోల్చాడు. కొట్టువాళ్లు మాత్రం ఎగబడ్డారు. ఆ తర్వాత గ్రూయెన్‌కి చాక్లెట్ల కొట్టు, బట్టల కొట్లు వరసగా వచ్చాయి.

నన్నడిగితే ఆయన కెరీర్ అంతా ఆ వసారాలోనే ఉంది. మాల్ అంటే ఏమిటి? ఆ వసారాని పది ఎకరాలు చేసి, పైన కప్పేసి, ఏసీ పెట్టడమే. కాబట్టి "పాపం అమాయకుడు, వ్యాపారులు మోసం చేశారు" అన్న కథ నేను నమ్మను.

బ్యాక్‌బెంచ్ బీఆర్క్ | శనివారం రాత్రి 11:05

సార్, ఇది నాకు అసలు తెలీదు. చాలా థాంక్స్. మరి "గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్" అంటారే, కొనాల్సింది మర్చిపోయి ఊరికే తిరుగుతూ కనపడిందల్లా కొనే స్థితి, అది ఈ వసారా నుంచే వచ్చిందా?

పాత సున్నం | శనివారం రాత్రి 11:20

ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు, వేరేవాళ్లు తగిలించారు. జనాన్ని దారి తప్పించి కొనిపించడం తన ఉద్దేశం కాదని ఆయన అనేవాడు. అననీ. వసారా మాత్రం ఆయనదే. పడుకో ఇంక.

సవరణల సత్తిబాబు | ఆదివారం ఉదయం 6:58

పొద్దున్నే గుర్తు చేస్తున్నందుకు క్షమించాలి. స్లైడ్‌లో "ప్రపంచంలో మొదటి షాపింగ్ సెంటర్" అని మాత్రం రాయకు.

కాన్సస్ సిటీలో కంట్రీ క్లబ్ ప్లాజా 1923 నాటిది, కార్లలో వచ్చేవాళ్లని దృష్టిలో పెట్టుకుని కట్టింది. సియాటిల్‌లో నార్త్‌గేట్ 1950, జాన్ గ్రాహమ్ జూనియర్ చేశాడు. బోస్టన్ దగ్గర ఫ్రేమింగ్‌హామ్‌లో షాపర్స్ వరల్డ్ 1951. అది ఎవరిదనుకున్నారు, పైన పాత సున్నం గారు చెప్పిన కెచమ్ ఆఫీసుదే. ఇక కప్పు సంగతికొస్తే, స్వీడన్ ఉత్తరాన లూలియోలో రాల్ఫ్ ఎర్స్‌కిన్ 1955లోనే ఇండోర్ షాపింగ్ సెంటర్ కట్టేశాడు. ఇటలీలో మిలాన్ గ్యాలరీని, అంటే కప్పేసిన కొట్ల వీధిని, లెక్కేస్తే 1860ల దాకా వెనక్కి పోవాలి. గ్రూయెన్ కూడా మిలాన్ గ్యాలరీ పేరు చెప్పుకునేవాడు.

సౌత్‌డేల్‌ని "తర్వాత అందరూ కాపీ కొట్టిన నమూనా" అను. ఎవరూ వంక పెట్టలేరు.

రామచిలక | ఆదివారం ఉదయం 8:15

సత్తిబాబు గారూ, మీ పెళ్లి శుభలేఖలో కూడా అచ్చుతప్పులు దిద్దే ఉంటారు.

సవరణల సత్తిబాబు | ఆదివారం ఉదయం 8:21

దిద్దాను. ముహూర్తం తప్పు పడింది.

లీజు లెక్కలు | ఆదివారం ఉదయం 10:40

హైదరాబాద్‌లో మాల్ లీజింగ్‌లో పదకొండేళ్లు చేశాను. ఆర్కిటెక్ట్ కోణం పెద్దలు చెప్పారు, నేను అద్దె కోణం చెప్తా.

సౌత్‌డేల్‌లో నాకు నచ్చే విషయం ఫౌంటెన్లు, పక్షులు కాదు. డేటన్స్, డొనాల్డ్‌సన్స్ అని మిన్నియాపొలిస్‌లో రెండు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు, బద్ధశత్రువులు. సౌత్‌డేల్ కట్టించింది డేటన్ కుటుంబం. వాళ్లే శత్రువుని పిలిచి అదే కప్పు కింద చోటిచ్చారు. ఎందుకు? మనిషి ఒక పెద్ద కొట్టు నుంచి రెండోదానికి నడుస్తాడు. ఆ నడిచే దారిలో 70 చిన్న కొట్లు. పెద్దకొట్టు యాంకర్, అంటే జనాన్ని లాక్కొచ్చేది, దానికి అద్దె తక్కువ. ఆ నడకని అమ్ముకునేది చిన్న కొట్ల దగ్గర, చదరపు అడుగుకి ఇంత అని, పైన అమ్మకాల్లో వాటా. ఈరోజు మన దగ్గర ఏ మాల్ లీజు కాగితం తీసినా అదే వ్యాకరణం: మినిమం గ్యారంటీ (అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సిన అద్దె), రెవెన్యూ షేర్ (అమ్మకాల్లో వాటా), క్యామ్ చార్జీలు (ఉమ్మడి చోట్ల నిర్వహణ ఖర్చు).

రెండోది, కప్పు. కప్పు ఖరీదు అనుకుంటారు. కప్పేస్తే ఏ కొట్టుకీ బయటి గోడ అక్కర్లేదు, తలుపు అక్కర్లేదు, వేరే హీటరు అక్కర్లేదు. ముందు మొత్తం తెరిచి పెట్టుకోవచ్చు. పాత సున్నం గారి వసారా ఇక్కడ పూర్తయిందన్నమాట, గుమ్మమే లేదు.

మూడోది, రెండంతస్తులు. పై అంతస్తుకి జనం ఎక్కరు, ఇది మా వృత్తిలో మొదటి పాఠం. గ్రూయెన్ పార్కింగ్ స్థలాల్ని వాలుగా మలిచి, ఒక పక్క దిగితే కింది అంతస్తులోకి, ఇంకో పక్క దిగితే పై అంతస్తులోకి నేరుగా నడిచేలా పెట్టాడు. ఎవరికీ "పైకెక్కాం" అనిపించదు. కొట్లు రెండు అంతస్తుల్లో పేరిస్తే నడక దూరం కూడా సగమవుతుంది. తమ్ముడూ, ఫొటోలు పెట్టకు, ఆ సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీసి చూపించు.

షట్టర్ నంబర్ 14 | ఆదివారం మధ్యాహ్నం 1:03

లీజు లెక్కలు గారూ, ఆ చదరపు అడుగుల డబ్బు కట్టినవాణ్ణి నేనే. మీ మాల్ అనట్లేదు, పేరు వద్దు. పిల్లల రెడీమేడ్ బట్టలు మావి. ఊళ్లో పెద్ద మాల్ వస్తోందని రెండో అంతస్తులో 320 అడుగులు తీసుకున్నాను. ప్లాన్‌లో చూపించినప్పుడు మా ముందు నుంచే ఎస్కలేటర్. తీరా తెరిచాక, పైకెక్కే ఎస్కలేటర్ మా ముందే ఆగుతుంది కానీ మాకు వీపు పెట్టి. దిగినవాడు నేరుగా సినిమా వైపు పోతాడు. వెనక్కి తిరిగి చూడాలంటే వాడికి చెప్పులు తెగాలి. పద్నాలుగు నెలలు జనం వీపులు చూశాను. వాటిలో కొన్నిటి మీద మా చొక్కాలే ఉండేవి, పాత బజారు కొట్లో కొన్నవి.

మీ గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్ నాకు వర్తించలేదండి. నా డబ్బు మాత్రం ట్రాన్స్‌ఫర్ అయింది.

లీజు లెక్కలు | ఆదివారం మధ్యాహ్నం 1:26

అన్నా, నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. ఎస్కలేటర్ ఎటు తిరిగి ఆగుతుందో లీజు మీద సంతకం పెట్టేముందు అడిగేవాళ్లు వందలో ఇద్దరుంటారు. మేం అడక్కపోతే చెప్పం. చెప్పాలి, చెప్పం.

మిన్నెసోటా మంచు | ఆదివారం రాత్రి 8:50 (మాకు ఉదయం)

నేనుండేది ఎడైనాకి పది నిమిషాల దూరంలో. పన్నెండేళ్లయింది వచ్చి. మా అత్తగారు వచ్చినప్పుడల్లా బ్లూమింగ్టన్‌లో ఉన్న మాల్ ఆఫ్ అమెరికాకే తీసుకెళ్లమంటారు. అది 1992ది, లోపల రోలర్ కోస్టర్ కూడా ఉంటుంది. సౌత్‌డేల్ పక్కనుంచే పోతాం, ఎవరూ దిగరు. ఈ థ్రెడ్ చదివాకే తెలిసింది, ఇన్నాళ్లూ తాతని వదిలేసి మనవణ్ణి చూడ్డానికి పోతున్నామని.

కప్పు ఎందుకో ఇక్కడ జనవరిలో ఉంటే అర్థమవుతుంది. కారు దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చేలోపు కనురెప్పల మీద తేమ గడ్డకడుతుంది. ఈ ఊళ్లో హాయిగా షాపింగ్ చేసుకునే వాతావరణం ఏడాదికి 126 రోజులే ఉంటుందని గ్రూయెన్ లెక్క చెప్పి డేటన్స్ వాళ్లని ఒప్పించాడట. లోపల ఏడాదంతా 24 డిగ్రీలు, మధ్యలో పెద్ద తోట చావడి, పంజరంలో పక్షులు, కాఫీ బల్లలు. దాన్ని "నిత్య వసంతం" అని ప్రచారం చేశారు. మొదటిరోజు 75 వేల మంది వచ్చారట. నేనైనా వెళ్లేదాన్నే!

ఒక్క మాట అడుగుతాను. ఇంతమంది ఇంత రాశారు, ఎల్సీ క్రమ్మెక్ పేరు ఒక్కరూ ఎత్తలేదేం? 1940ల్లో ఆ ఆఫీసు పేరే గ్రూయెన్ అండ్ క్రమ్మెక్. భార్య, డిజైనర్, సగం భాగస్వామి. 1943లో ఒక ఆర్కిటెక్చర్ పత్రిక యుద్ధం అయ్యాక ఊళ్లు ఎలా ఉండాలో గీయండని పిలిస్తే, షాపింగ్ సెంటర్ ఆలోచన ఇద్దరి పేరు మీదే అచ్చయింది. 1951లో విడిపోయారు, ఆఫీసు విక్టర్ గ్రూయెన్ అసోసియేట్స్ అయింది. తర్వాత పేరంతా ఆయనకే. స్లైడ్‌లో ఆవిడకి ఒక లైనైనా ఇవ్వు బాబూ.

బ్యాక్‌బెంచ్ బీఆర్క్ | ఆదివారం రాత్రి 9:15

అక్కా, తప్పకుండా. నిజానికి నా నోట్స్‌లో ఆవిడ పేరు "మాజీ భార్య" అని మాత్రమే ఉంది. సిగ్గుపడుతున్నాను, మార్చేశాను.

ఇంకో డౌట్. ఆయనకి కార్లంటే పడదు అంటారు. మరి మాల్ చుట్టూ 5,200 కార్ల పార్కింగ్ గీసిన మనిషి కార్లకి వ్యతిరేకి ఎలా అవుతాడు?

పాత సున్నం | ఆదివారం రాత్రి 10:30

మంచి ప్రశ్న. కార్లు ఉండకూడదని ఆయన అనలేదు. మనిషి నడిచేచోట కారు ఉండకూడదన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో 1949లో మిల్లిరాన్స్ అనే స్టోర్ చేసినప్పుడు కార్లని ఏకంగా పైకప్పు మీదకెక్కించాడు, ర్యాంపుల మీదుగా. హైవే పక్కన ఒకదాని పక్కన ఒకటి బారుగా కొట్లు, ప్రతి కొట్టు ముందూ కార్లు, బోర్డులు, ఆ రొద ఆయనకి రోత.

1954లో డెట్రాయిట్ దగ్గర హడ్సన్స్ కంపెనీకి చేసిన నార్త్‌ల్యాండ్ చూడు. నా దృష్టిలో ఆయన పనిలో అన్నిటికంటే మంచిది అదే, సౌత్‌డేల్ కాదు. కప్పు లేదు. మధ్యలో పెద్ద స్టోరు, చుట్టూ చిన్న కొట్ల వరసలు, వాటి మధ్య చిన్నా పెద్దా ముంగిళ్లు, చెట్లు, శిల్పాలు. మార్షల్ ఫ్రెడరిక్స్ చేసిన ఎలుగుబంటి మీద పిల్లాడి బొమ్మ అక్కడిదే. కొట్ల ముందు కప్పున్న వరండా, మన పత్తర్‌గట్టి రాతి వరండాలో నడిచినవాడికి కొత్తేం కాదు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద షాపింగ్ సెంటర్. 2015లో మూసేశారు.

సౌత్‌డేల్‌కి ఆయన గీసింది మాల్ ఒక్కటే కాదు. డేటన్స్ కొన్నది 463 ఎకరాలు. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు, నడుమ మాల్. ఊరికి గుండెకాయలాగ. మాల్ కట్టగానే చుట్టూ భూమి ధర లేచింది. లేచిన భూమిని ఎవడైనా పార్కు చేస్తాడా? ముక్కలు చేసి అమ్మారు. ఆసుపత్రిలాంటివి కొన్ని వచ్చాయి, కానీ ఆయన గీసిన ఊరు రాలేదు.

సౌత్‌డేల్ తెరిచిన ఏడాదే, నవంబర్‌లో, అమెరికాలో పేరుమోసిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ వచ్చి చూసి, పల్లె వీధిలో ఉండే చెడ్డంతా ఉంది, అందం మాత్రం లేదని, డౌన్‌టౌన్‌ని డౌన్‌టౌన్‌లోనే ఉండనివ్వాల్సిందని తిట్టిపోయాడు. రైట్‌కి తను కట్టనిది ఏదీ నచ్చదు, అది వేరే సంగతి. ఈసారి మాత్రం గురి తప్పలేదు.

లీజు లెక్కలు | సోమవారం ఉదయం 9:05

భూమి ధర సంగతి వచ్చింది కాబట్టి, ఎవరూ చెప్పని ముక్క ఒకటి. మాల్స్ పుట్టగొడుగుల్లా లేచింది సౌత్‌డేల్ అందం చూసి కాదు, పన్ను చట్టం వల్ల. 1954లో అమెరికా తరుగుదల లెక్క మార్చింది. అంతకుముందు భవనం ఖరీదుని నలభై ఏళ్లకి సమానంగా పంచి ఏటా కొంత ఆదాయంలోంచి ఖర్చుగా తగ్గించి చూపించుకునేవాళ్లు. కొత్త నియమంలో మొదటి కొన్నేళ్లలోనే ఎక్కువ భాగం చూపించుకోవచ్చు. అంటే మాల్‌కి చేతిలో డబ్బు వస్తూనే ఉంటుంది, కాగితం మీద మాత్రం నష్టం. ఆ నష్టాన్ని ఓనరు తన వేరే ఆదాయంలో తీసేసుకుని పన్ను ఎగ్గొట్టొచ్చు, చట్టబద్ధంగా. అయ్యాక అమ్మేసి ఇంకోటి కట్టు.

ఇది కొత్త భవనాలకే. పాత బజార్లో ఉన్న కొట్టుకి రిపేరు చేస్తే రాదు. భూమికి తరుగుదల లేదు కాబట్టి భూమి చవగ్గా ఉన్నచోట కడితేనే లాభం. ఊరి బయట మొక్కజొన్న చేలల్లో మాల్స్ ఎందుకు లేచాయో ఇప్పుడు అర్థమైందా? రెండేళ్లకి హైవే చట్టం వచ్చి రోడ్లు కూడా వేసింది. గ్రూయెన్ ఉన్నా లేకపోయినా ఆ చేలల్లో ఏదో ఒకటి లేచేది. ఆయన చేతిలో డ్రాయింగ్ రెడీగా ఉంది, అంతే.

సవరణల సత్తిబాబు | సోమవారం ఉదయం 9:40

"అంతే" అనకండి. లారీ స్మిత్ అనే ఆర్థికవేత్తతో కలిసి 1960లో షాపింగ్ సెంటర్ ఎలా కట్టాలో పుస్తకమే రాశాడు. స్థలం ఎంపిక నుంచి అద్దెల దాకా. డ్రాయింగ్ చేతిలో పెట్టుకుని కూర్చోలేదు, వంటకం రాసి పంచాడు.

రామచిలక | సోమవారం ఉదయం 10:02

పెసరట్టు ఎలా వేయాలో నేను చెప్తే, నువ్వు అల్లం మానేసి ఉప్మా ఒక్కటే తింటే నాదా తప్పు?

షట్టర్ నంబర్ 14 | సోమవారం ఉదయం 10:10

ఉప్మాకే డబ్బులొస్తాయని చెప్పింది కూడా మీరే అయితే, మీదే తప్పు.

పాత సున్నం | సోమవారం మధ్యాహ్నం 12:30

షట్టర్ నంబర్ 14 గారు నా మాట లాగేసుకున్నారు. నేను చెప్పాలనుకున్నది అదే. ఆయన ప్లాన్‌లో అద్దె వచ్చే భాగం ఒకటి, రానిది ఒకటి. రెండూ కలిసి ఊరు. కంపెనీకి వినిపించేటప్పుడు మొదటి భాగం ఎంత రాబడి ఇస్తుందో లెక్క వేసి చూపించాడు. రెండో భాగం ఎందుకు మంచిదో చెప్పాడు. లెక్కకీ మంచికీ పోటీ పెడితే బోర్డు మీటింగులో ఏది గెలుస్తుందో మనకి తెలీదా? నేను చేసిన కాలనీల్లో ఎన్ని పార్కులు ప్లాన్‌లోనే ఆగిపోయాయో! అందుకే ఆయన మీద నాకు కోపం, ప్రేమ రెండూ.

అడ్మిన్ గోదారి | సోమవారం మధ్యాహ్నం 12:45

ఏ పార్కు ఎవరు మింగారో పేర్లు రాయకుండా ఆగినందుకు ధన్యవాదాలు. అలాగే కొనసాగించండి. పెసరట్టు చర్చకి వంటల విభాగం ఉంది.

వియన్నా కాఫీ | సోమవారం రాత్రి 11:18

వియన్నాలో చదువుకుంటున్నాను. ఆలస్యంగా చూశాను.

మీరంతా మాల్స్ దగ్గరే ఆగారు. ఆయన కెరీర్‌లో రెండో సగం ఊరి నడిబొడ్డుని బతికించే ప్రయత్నం. 1956లోనే, సౌత్‌డేల్ తెరిచిన ఏడాదే, టెక్సస్‌లో ఫోర్ట్ వర్త్‌కి ఒక ప్లాన్ ఇచ్చాడు. డౌన్‌టౌన్ చుట్టూ రింగు రోడ్డు, దాన్ని ఆనుకుని లోపలివైపు ఆరు పెద్ద గ్యారేజీలు, 60 వేల కార్లకి చోటు. కారు అక్కడ వదిలేయాలి. లోపల మొత్తం నడకే. సరుకుల లారీలు భూగర్భంలో. నగర ప్లానర్లకి వ్యతిరేకంగా రాయడంలో ముందుండే రచయిత్రి జేన్ జేకబ్స్‌కి కూడా ఇది నచ్చింది. గ్యారేజీల ఓనర్లు అడ్డుపడ్డారు, కావాల్సిన చట్టాలు రాష్ట్ర సభలో పాసవలేదు, ప్లాన్ అటకెక్కింది. కానీ చాలా ఊళ్లు దాన్ని చూసి ముక్కలు ముక్కలుగా వాడుకున్నాయి.

మిషిగన్ రాష్ట్రంలో కలమజూలో 1959లో ఒక వీధిని నడకవీధి చేశారు, ఆయన సలహా మీదే. అమెరికాలో అలాంటివాటిలో తొలిది. 1998లో కొంత భాగంలోకి కార్లు తిరిగొచ్చాయి. కాలిఫోర్నియాలో ఫ్రెస్నోలో 1964లో చేసిన ఫుల్టన్ మాల్‌లోకి 2017లో వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్‌లో ఊరి మధ్యలోనే కప్పేసిన మిడ్‌టౌన్ ప్లాజా 1962లో తెరిస్తే 2008లో మూసి తర్వాత పడగొట్టారు. 1960ల్లో టెహ్రాన్ మాస్టర్ ప్లాన్‌లో కూడా ఫర్మాన్‌ఫర్మాయన్ అనే ఇరానీ ఆర్కిటెక్ట్‌తో కలిసి పనిచేశాడు.

1968లో ఇక్కడికి తిరిగొచ్చేశాడు. వచ్చాక పాత వియన్నా నడిబొడ్డులో కార్లు ఆపాలని ప్లాన్ ఇచ్చాడు. 1974లో కెర్ట్‌నర్ స్ట్రాసె నడకవీధి అయింది. నేను రోజూ ట్రామ్ దిగి అందులోంచే నడుస్తాను. చెట్ల కింద బెంచీలు, వయొలిన్ వాయించేవాళ్లు, ఐస్‌క్రీమ్ కారుతున్న పిల్లలు. అన్నీ కొట్లే, కానీ ఎవరూ కొనమనరు. ఎడైనాలో కప్పు కింద చేయబోయింది ఈ వీధినే అనిపిస్తుంది నాకు. తను పుట్టిన ఊరి వీధిని మంచుదేశంలో పునఃసృష్టించబోయాడు.

విచిత్రం ఏంటంటే 1976లో వియన్నాకి దక్షిణాన, ఊరి పొలిమేరలో, అమెరికా తరహాలో భారీ షాపింగ్ సెంటర్ లేచింది. ఆయన ఇక్కడే ఉన్నాడు. చూశాడు. భరణం మాట ఆ తర్వాత రెండేళ్లకి అన్నాడు.

మిన్నెసోటా మంచు | మంగళవారం ఉదయం 6:30

వియన్నా తమ్ముడూ, నువ్వు రాసింది చదివి నిన్న డ్యూటీ అయ్యాక సౌత్‌డేల్‌లో దిగాను. పన్నెండేళ్లలో మొదటిసారి.

పంజరం లేదు, పక్షుల్లేవు. చావడి ఉంది, కానీ ఆ ఫొటోల్లో కనపడే తోట లేదు. శిల్పి హ్యారీ బెర్టోయా చేసిన బంగారు రంగు లోహపు చెట్లు మాత్రం ఇంకా నిలబడి ఉన్నాయి, రెండంతస్తుల ఎత్తు. సన్నటి కడ్డీలు, పైన పలకల్లాంటి ఆకులు. దగ్గరికెళ్లి చూస్తే వెల్డింగు బొడిపెలు కనపడుతున్నాయి. ఇద్దరు పెద్దవాళ్లు వాకింగ్ షూస్‌తో చుట్లు కొడుతున్నారు, బయట వాన. నేను రెండు చుట్లు కొట్టాను. ఏమీ కొనలేదు. (సరే, ఒక కొవ్వొత్తి కొన్నాను.)

రామచిలక | మంగళవారం ఉదయం 7:00

ట్రాన్స్‌ఫర్ అయింది!

సవరణల సత్తిబాబు | మంగళవారం ఉదయం 7:12

పచ్చని చెట్టు అని ఇంటిపేరున్న మనిషి మాల్‌లో మిగిలింది లోహపు చెట్లు. సెమినార్‌లో ఈ ముక్క వాడకు, మరీ కవిత్వంగా ఉంటుంది. ఇక్కడ రాసుకుంటే చాలు.

ఇంకోటి, తర్వాత పేరుమోసిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ కుర్రతనంలో గ్రూయెన్ ఆఫీసులో పనిచేశాడు. సార్లకి ఇలాంటివి నచ్చుతాయి.

బ్యాక్‌బెంచ్ బీఆర్క్ | గురువారం రాత్రి 8:40

సెమినార్ అయిపోయింది!! లెడరర్ వసారాతో మొదలుపెట్టాను. ప్లాన్ గీసి, నడిచే మనిషి అడుగులు ఎర్ర చుక్కలతో పెట్టాను. సార్ అక్కడే పది నిమిషాలు ఆపేశారు. "తలుపుని ఎన్ని అడుగులు వెనక్కి నెడితే మనిషి ఆగుతాడు, ఎన్ని అడుగులు నెడితే చీకటి గుహ అనుకుని పోతాడు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకున్నాను. ఎల్సీ క్రమ్మెక్ స్లైడ్ దగ్గర మా మేడమ్ పెన్ను తీసి రాసుకున్నారు. భరణం మాట చెప్తే క్లాసంతా నవ్వింది. సౌత్‌డేల్ సెక్షన్ బాగా వచ్చింది కానీ ఆ చర్చకి టైం మిగల్లేదు.

అందరికీ పేరు పేరునా థాంక్స్. ముఖ్యంగా పాత సున్నం సార్‌కి.

పాత సున్నం | గురువారం రాత్రి 9:25

మీ సార్ ప్రశ్న బాగుంది. జవాబు పుస్తకంలో దొరకదు, చాక్‌పీసుతో నేల మీద గీసి మనుషుల్ని నడిపించి చూడాలి.

షట్టర్ నంబర్ 14 | శనివారం ఉదయం 11:50

నడిపించి చూశానండి.

మాల్ ఖాళీ చేశాక పాత బజార్లో మళ్లీ కొట్టు తెరిచానని చెప్పలేదు కదూ. పదడుగుల వెడల్పు. పోయిన ఆదివారం ఈ వసారా సంగతి చదివాక వడ్రంగిని పిలిపించి అద్దం తలుపుని మూడున్నర అడుగులు లోపలికి జరిపించాను. మా ఆవిడ అంది, అద్దె కట్టే చోటుని రోడ్డుకి దానం చేస్తున్నావని. పక్కల రెండు గూళ్లు పెట్టి లైట్లేసి, నాలుగు గౌన్లు, రెండు చిన్న షేర్వాణీలు తగిలించాం.

మొదటి రెండ్రోజులు ఒక మేక నించుంది. నిన్న సాయంత్రం జోరువాన. ఫుట్‌పాత్ మీద పోయేవాళ్లు ఏడెనిమిది మంది వసారాలోకి దూరారు. పది నిమిషాలు గౌన్ల వైపే చూస్తూ నిలబడ్డారు, చూడ్డానికి వేరే ఏముంది గనక. ఒకావిడ లోపలికొచ్చి మూడేళ్ల పాపకి సైజు అడిగి తీసుకుంది. ఆవిడ వెనకే ఒకాయన కూడా వచ్చాడు. వచ్చి, గొడుగులు అమ్ముతారా అని అడిగాడు.